తక్కెడత్త, సొరకాయ, మా పాప

మా పాప పుట్టిన ఆ కొత్తల్లో మా ఇంటికి ఎవరూ వట్టి చేతులతో వచ్చేవారు కాదు. వచ్చిన ప్రతివారూ ఒక సలహా తెచ్చేవారు. ఏ బ్రెడ్డు ప్యాకెట్టో, రెండు దానిమ్మకాయలో తెచ్చివుంటే తినేసి మరిచిపోయేవాళ్ళం. సలహా అట్లా కాదు. అది అరగదు, పారెయ్యడానికి వీల్లేదు, పైగా తెచ్చినవాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు ‘నేను చెప్పింది చేస్తాండారా లేదా?’ అని లెక్క అడుగుతారు. పక్కింటావిడ వెల్లుల్లి అంటుంది, ఎదురింటావిడ వెల్లుల్లి వేడి అంటుంది. పాలవాడు కూడా క్యాను దించి, పాపను చూసి, తన ఆవుల అనుభవం నుంచి రెండు ముక్కలు చెప్పి వెళ్ళాడు. అందరి మాటా విన్నాను. అదే నా గొప్ప. ఒక్కదాన్నీ నమ్మనని పైకి అంటూ, లోపల అన్నిటినీ నమ్మి, ఒకదానికొకటి పొసగక తల పట్టుకుని కూర్చునేదాన్ని.

కాన్పుకు మా అమ్మగారింటికి, బాగేపల్లికి వచ్చాను. మా ఆయన ఉద్యోగం చిక్కబళ్ళాపురంలో. శనివారం బస్సులో వచ్చి, సోమవారం పొద్దున్నే పోయేవాడు. నేనేమో ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసి, పీయూ కాలేజీలో ఇంటరు పిల్లలకు బరువుకూ ద్రవ్యరాశికీ తేడా ఏమిటో నల్లబల్ల మీద గీసి చెప్పినదాన్ని. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు నవ్వుకోవడానికి పనికొస్తుంది. కడుపుతో ఉన్నప్పుడే ఫోనులో ఒక యాప్ వేసుకున్నాను. అది వారం వారం ‘మీ శిశువు ఇప్పుడు ఒక నిమ్మకాయంత’, ‘మీ శిశువు ఇప్పుడు ఒక వంకాయంత’ అని చెప్పేది. నేను కళ్ళనీళ్ళతో చదివి వినిపిస్తే మా అమ్మ చేట కింద పెట్టి, ‘ఏ వంకాయే? గుత్తి వంకాయనా, పొడుగు వంకాయనా? సరిగ్గా చెప్పమను’ అనేది. (యాప్ దగ్గర సమాధానం లేదు. అప్పుడే దాన్ని తీసేసి ఉండాల్సింది.)

పాప పుట్టాక నా వేషం చూడాలి. తలకు స్కార్ఫు, చెవుల్లో దూది, కాళ్ళకు సాక్సులు, ఎండాకాలంలో స్వెట్టరు. బాలింతకు గాలి తగలకూడదట. గాలి తగలదు సరే, మాట కూడా చెవిలో పడదు. దూది వల్ల సగం, నిద్రలేక సగం. నా మంచం పెరటి కిటికీ పక్కన వేశారు. ఆ కిటికీలో నుంచి మా అమ్మ కూరగాయల పెరడు కనిపించేది: రెండు వరసలు వంగ, నాలుగు టమోటా మొక్కలు, మూలన కరివేపాకు, స్నానాలగది వెనక ఒక సొరపాదు. నా లోకం అంతే. లోపల ఒక పాప, బయట ఒక పాదు. ఈ రెండింటిలో ఏది ఎంత పెరిగిందా అని చూడడమే నా ఉద్యోగం.

ఇప్పుడు తక్కెడత్త గురించి చెప్పాలి. ఆమె మా నాయనకు పెద్దక్క, నాకు మేనత్త. చింతామణిలో టమోటా మండీ ఇంటికి కోడలుగా పోయింది. మా మామ పోయాక మండీలో ఆయన కుర్చీ మీద తానే కూర్చుంది. రైతు బాక్సు దించగానే అత్త లేచి, ఒక చేత్తో అంచు పట్టుకుని కాస్త పైకి లేపి, మళ్ళీ వదిలి, ‘తరుగు పోను ఇంత’ అని కేక వేసేదట. తరుగంటే బాక్సుకూ, తడికీ, అడుగున మెత్తబడ్డ కాయలకూ ముందుగానే తీసేసే బరువు. ఆమె చెయ్యి చెప్పాక తక్కెడ పెట్టడం వట్టి మర్యాద కోసమేనని మా వంశంలో ఒక నమ్మకం. పెళ్ళిళ్ళలో అరటిగెల ఎత్తి చెప్పేది, పండగకు బెల్లం దిమ్మె ఎత్తి చెప్పేది. ఒకసారి నా సూట్‌కేసు ఎత్తి చెప్పింది. ‘తక్కెడత్త’ అని పేరు పెట్టింది మా నాయనే. ఎదురుగా మాత్రం ‘అక్కా’ తప్ప మరో మాట ఆయన నోట రాదు.

పాప పుట్టిన మూడో వారమో ఏమో, అత్త చింతామణి నుంచి దిగింది. చేతిలో సంచి. సంచిలో ఏముందా అని ఆశగా చూశాను. ఆమె తువ్వాలు, ఆమె మాత్రలు. కాళ్ళు కడుక్కుని, కుర్చీ లాక్కుని కూర్చుని, ‘ఏదమ్మణ్ణీ, ఇట్లియ్యి బిడ్డను’ అంది. ఇచ్చాను. అత్త పాప మొహం చూడలేదు. కళ్ళు మూసుకుంది. రెండు చేతుల మీదా పాపను పెట్టుకుని, కాస్త పైకి లేపి, కిందికి దించి, మళ్ళీ లేపింది. మా నాయన పేపరు మడిచాడు. మా అమ్మ పొయ్యి మీద పాలు వదిలేసి వచ్చి వాకిట్లో నిలబడింది.

‘మూడు కేజీలు లేదు’ అంది అత్త, కళ్ళు తెరిచి.

పుట్టినప్పుడే దాదాపు అంత ఉంది పాప. అంటే ఇన్నాళ్ళూ నేను పగలూ రాత్రీ ఒళ్ళో పెట్టుకుని తాగించినదంతా యాడకు పోయినట్టు?

‘బాగానే తాగుతాండాది కద వదినా’ అంది మా అమ్మ, గొంతు చిన్నది చేసుకుని.

‘తాగుతాండాది అంటావు. ఏం తాగుతాండాదో నీకేం తెలుసు? సన్నబిడ్డ సుమ్నే, ఊరికే నోరాడిస్తాది. పాలుంటే కదా లోపలికి పోయేది! ఈ కాలం పిల్లలకు చదువు వచ్చినంత సులువుగా పాలు రావు. ఏమ్రా తమ్ముడూ, నేను చెప్పేది?’

మా నాయన ‘అవునక్కా’ అన్నాడు. ఏ విషయానికైనా ఆయన చెప్పే మాట అదే. తర్వాత పొయ్యి మీద పాలు పొంగిపోయాయి, ఆ ఇంట్లో ఆ రోజుకు కరువు లేని పాలు అవే.

తీర్పు అక్కడితో ఆగలేదు. పాలు పడేందుకు నేను రోజూ సబ్బసిగాకు, అదే సోయకూర, తినాలి, వెల్లుల్లి కాల్చుకుని తినాలి. మా ఆయన శనివారం వచ్చేటప్పుడు డబ్బా పాలపొడి తెచ్చి ఇంట్లో పెట్టాలి. ‘బారసాలకు, బిడ్డను తొట్టిల్లో వేసే రోజుకు నేనే వస్తా. నేనే ఎత్తి చూస్తా. అప్పుడూ ఇట్లే ఉంటే, ఆ సాయంత్రమే డబ్బా తెరిచేద్దాము. బిడ్డను పస్తు పెట్టి నీ మొండితనం చూపించేదానికి వీల్లేదు’ అని, తువ్వాలూ మాత్రలూ సంచిలో వేసుకుని బస్సెక్కింది. డబ్బాపాలు తాగి పెరిగిన పిల్లలు బ్రహ్మాండంగా ఉంటారని నాకూ తెలుసు. మా ఆయనే దానికి సాక్ష్యం. కానీ నా భయం పాలపొడి గురించి కాదు. తల్లిగా నాకు అప్పటిదాకా వచ్చిన పని ఒకటే. స్నానం అమ్మ చేయించేది, గుడ్డలు అమ్మ ఉతికేది, జోకొట్టడం మా నాయనకు నాకంటే బాగా వచ్చు. ఆ ఒక్క పనిలోనూ తప్పానని ఒక టమోటా మండీ తీర్పు చెప్పేసింది. నిజంగా బిడ్డ నా ఒళ్ళోనే ఆకలితో ఉందా? ఈ ఒక్క ప్రశ్న తప్ప నా బుర్రలో ఇంకేమీ మిగల్లేదు.

మధ్యలో ఆశా కార్యకర్త వచ్చింది. గుడ్డ ఊయలకు స్ప్రింగు త్రాసు తగిలించి పాపను తూచి, ‘చెన్నాగి బెళీతా ఇదాళె, బాగా పెరుగుతాంది మేడమ్’ అని ఒక అంకె చెప్పింది. అత్త చెప్పినదానికంటే చాలా ఎక్కువ. సంతోషపడాలా? మా అమ్మ వెంటనే చింతామణికి ఫోను చేసింది. ‘ఆ స్ప్రింగు ఎన్ని ఊర్ల బిడ్డల్ని మోసి సాగిపోయిందో! దాన్ని నమ్ముతారా?’ అని అక్కడి నుంచి జవాబు. సాగిన స్ప్రింగు గురించి ఒక పాఠమంతా చెప్పగలిగిన నేను నోరు మూసుకుని అత్త వైపే చేరాను. రెండు తూకాల్లో ఏది తక్కువ చూపిస్తే అదే నిజమని నమ్మడం బాలింతల భౌతికశాస్త్రం. దానికి పాఠ్యపుస్తకం అక్కర్లేదు.

శనివారం మా ఆయన పాలపొడి డబ్బాతోపాటు ఇంకో పెట్టె తెచ్చాడు. లోపల తళతళలాడే డిజిటల్ త్రాసు. (ప్రపంచంలో ప్రతి కష్టానికీ ఆన్‌లైన్లో ఒక వస్తువు దొరుకుతుందని ఆయన సిద్ధాంతం. వస్తువులు దొరికాయి కానీ మా కష్టాలు తగ్గింది లేదు.) ‘దీంట్లో వేస్తే తేలిపోతుంది’ అని పాప వైపు ఒక అడుగు వేశాడో లేదో, మా అమ్మ అడ్డం నిలబడింది.

‘ఇంట్లో బిడ్డను తక్కెడలో పెట్టకూడదప్పా. తూచిన బిడ్డ పెరగదంటారు.’

‘మరి మొన్న ఆశా ఆవిడ తూచింది కదా అత్తమ్మా?’

‘అది గవర్నమెంటు తూకము. దానికి దిష్టి ఉండదు.’

‘మీ వదిన ఎత్తి చెప్పింది కదా?’

‘అది చెయ్యి. చెయ్యి తక్కెడైతాదా?’

మా ఆయన నా వైపు చూశాడు, నువ్వైనా చెప్పు అన్నట్టు. నేను గోడ వైపు చూశాను. మూఢనమ్మకాల మీద కాలేజీ వేదికెక్కి మాట్లాడి కప్పు గెలుచుకున్నదాన్ని నేను. ఆ కప్పు ఆ గదిలోనే, అలమర పైన, దూది చుట్ట పెట్టుకోవడానికి వాడుతుండేవారు. త్రాసు వంటింట్లోకి పోయింది, బెల్లమూ కందిపప్పూ తూచుకోవడానికి. డబ్బా అలమరలో, సరిగ్గా నా కంటికి ఎదురుగా కూర్చుంది. దాని మీద బొద్దుగా నవ్వుతున్న ఒక బిడ్డ బొమ్మ. ఆ బిడ్డంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఇక సబ్బసిగాకు కథ. సంతలో అది కట్టలు కట్టలుగా వస్తుంది. కానీ చదువుకున్న తల్లిని కదా, సంత ఆకు మీద మందులు కొడతారని ఎక్కడో చదివాను. నా బిడ్డ తాగే పాలు నేను పండించిన ఆకుతోనే రావాలని పట్టుబట్టాను. ‘సంతలో అమ్ముతాండారు కదమ్మా, నీకేంటికి ఈ సేద్యము?’ అని అమ్మ గొణిగి, కిటికీ కింద జానెడు మడి చేసి, నా చేత్తోనే విత్తనాలు చల్లించి, మళ్ళీ లోపలికి తోలింది. ఆ క్షణం నుంచి నాకు ఇంకో బిడ్డ పుట్టినట్టయింది. అమ్మ పాపకు నీళ్ళు కాచే సమయం చూసి, స్కార్ఫు బిగించుకుని, ఒక స్పూను కొంగులో దాచుకుని, దొంగలా పెరట్లోకి దిగేదాన్ని. మట్టి కొద్దిగా గోకి, విత్తనం పైకి తీసి, ముక్కు పగిలిందా లేదా అని చూసి, మళ్ళీ పూడ్చి, నీళ్ళు చల్లేదాన్ని. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఎండగా ఉంటే ఇంకోసారి, మబ్బుగా ఉన్నా ఇంకోసారి. పాపను కూడా అంతే: నిద్రపోతుంటే ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి లేపేదాన్ని. లేచి ఏడిస్తే, అయ్యో ఆకలి, నా పాలు చాలలేదు అని నేనూ ఏడ్చేదాన్ని.

ఒకరోజు మడిలో స్పూనుతో పట్టుబడ్డాను. అమ్మ ఎప్పటి నుంచి కేకలేస్తోందో, చెవుల్లో దూది వల్ల వినలేదు. తల ఎత్తితే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

‘ఏం చేస్తాండావే?’

‘మొలిచిందా అని చూస్తున్నా.’

‘పూటపూటా తవ్వి తవ్వి చూస్తే మొలకేంది, నేనైనా చచ్చిపోతా! నిన్ను కడుపులో పెట్టుకున్నప్పుడు నేనిట్ల తలుపు తెరిచి తెరిచి చూసింటే నువ్వు పుట్టేదానివా? పో, లోపలికి పో!’

ఇంత మంచి మాటకు నేనిచ్చిన జవాబు ఏమిటో తెలుసా? ‘తడి ఎంత ఉందో తెలియాలి కదమ్మా.’ అమ్మ ఆకాశం వైపు చూసి, చదువు చెప్పిన మాస్టర్లందరినీ ఒకే మాటలో తిట్టింది. ఆ మాట ఇక్కడ రాయలేను.

సొరపాదు మాత్రం నన్ను ఎక్కిరించడానికే పుట్టింది. దాన్ని ఎవరూ నాటలేదు. ఎప్పుడో పారేసిన ముదురు కాయ గింజ, స్నానాలగది నీళ్ళు బయటికి పోయే తూము దగ్గర తానే మొలిచి, తానే గోడెక్కి, పైనున్న పాత చువ్వల మీద పరుచుకుంది. అమ్మ పాపను కాళ్ళ మీద బోర్లా వేసుకుని రెండు బిందెల వేడినీళ్ళు పోసేది. ఆ నీళ్ళు, సున్నిపిండితో పసుపుతో కలిసి, తూములో నుంచి నేరుగా దాని మొదట్లోకి పోయేవి. అంతే దాని వైభోగం. దానికి యాప్ లేదు, వెల్లుల్లి లేదు, దాన్ని చూసి నిట్టూర్చే మేనత్త లేదు. అయినా చూస్తుండగానే ఒక పిందె వేలాడి, చెయ్యంత అయి, పాపంత అయి, పాపను దాటిపోయింది. ‘ఏమి లావుగా వచ్చింది చూడు! తల్లి పాదు బలము’ అని వచ్చినవాళ్ళు దాన్ని మెచ్చుకుంటుంటే, లోపల మంచం మీద నాకు గుండెలో ముల్లు దిగేది. నవ్వకండి. ఒక సొరపాదును చూసి కుళ్ళుకున్న ఆడది ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయివుంటాను. నా సబ్బసిగ మడిలో మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి, పాలిపోయిన పోచలు లేచి, రెండు రోజులు వంగి నిలబడి, నేను పోసిన నీళ్ళలోనే కుళ్ళిపోయాయి.

తొట్టిల్లో వేసే రోజు రానే వచ్చింది. ఇల్లంతా చుట్టాలు. అరువు తెచ్చిన తొట్టిలకు పూలు చుట్టారు. నాకు మాత్రం అది వేడుకలా లేదు, పరీక్ష ఫలితాల రోజులా ఉంది. అలమరలో డబ్బా, దాని మీద ఆ నవ్వే బిడ్డ. తెల్లవారినప్పటి నుంచి పాపకు మూడుసార్లు గుడ్డలు మార్చాను. మందంగా ఉన్నవి ఏరి వేశాను, కాస్తయినా బరువు తూగుతుందని. (ఎమ్మెస్సీ, ఫస్టు క్లాసు.)

తక్కెడత్త ఆటో దిగి, తిన్నగా పెరట్లోకి పోయి కాళ్ళు కడుక్కుంటూ సొరకాయను చూసింది. పాయసానికి అదే అని అమ్మ అప్పుడే కోయించి పెరటి గట్టు మీద పెట్టింది. ఇంతమంది ఆడవాళ్ళు చుట్టూ ఉండగా ఒక కాయ ఎదురుగా ఉంటే అత్త ఊరుకుంటుందా? రెండు చేతులతో ఎత్తింది, కళ్ళు మూసుకుంది, లేపింది, దించింది.

‘మూడు కేజీలు. ఎక్కువా తక్కువా ఉంటే నా చెవి కోసుకుంటా.’

మా ఆయనకు ఏం పుట్టిందో, వంటింట్లో నుంచి త్రాసు తెచ్చి గట్టు మీద పెట్టాడు. అల్లుడి ముచ్చట కదా అని ఎవరూ వద్దనలేదు, సొరకాయకు దిష్టి భయం లేదు కదా. కాయ పెట్టాడు. అంకెలు గిరగిరా తిరిగి మూడుముప్పావు దగ్గర నిలిచాయి.

‘నీ మిషను చెడిపోయింది అల్లుడూ’ అంది అత్త, చెమట కూడా పట్టకుండా.

అప్పుడు, ఇన్ని వారాల తర్వాత, నా చదువు ఆ దూదిలో నుంచి బయటికొచ్చింది. వంటింట్లోకి పోయి, విప్పని కేజీ ఉప్పు ప్యాకెట్లు రెండు తెచ్చి, కాయ దించి త్రాసు మీద పెట్టాను. సరిగ్గా రెండు కేజీలు. ‘మిషను బాగుంది అత్తా’ అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అత్త జంకలేదు. నా వైపు జాలిగా చూసింది. ‘అయితే సరిగ్గానే చెప్పినా కద అమ్మణ్ణీ. తరుగు పోను మూడే కదా.’

‘సొరకాయకు తరుగేందక్కా?’ అన్నాడు మా నాయన. పుట్టి బుద్ధెరిగాక ఆయన అక్కను అడిగిన మొదటి ప్రశ్న అదేననుకుంటాను.

‘తొడిమ ఉండాదా లేదా? కాయ తడిసి ఉండాదా లేదా? లోపల గింజ ముదిరిందో ఏమో ఎవురు చూసినారు? తరుగు తియ్యకుండా బరువు చెప్పేదానికి నేనేమన్నా కొత్తగా మండీకి వచ్చినానా? ఆ ఇంటికి కోడలుగా పోయినప్పటి నుంచి తరుగు తియ్యని బరువు ఒక్కటి నా నోట్లో నుంచి రాలేదు, తెలుసా!’

గట్టు పట్టుకున్నాను. ‘అత్తా, మరి పాపకు?’

‘పాపకు మాత్రం?’

‘పాపను ఎత్తి మూడు లేదన్నావు కదా. దానికీ తీసినావా?’

‘తియ్యనా మరి! మీ పాపకొక న్యాయము, ఊళ్ళో రైతులకొక న్యాయమా? ఒంటి మీద గుడ్డలుండె. నడుముకు మొలతాడుండె. అడుగున తడి ఉండె. అన్నీ తీసే చెప్పినా.’

‘ఎంత తీసినావు?’

‘అది నేను తీసేది కాదమ్మణ్ణీ,’ అంది అత్త, తన రెండు అరచేతులనూ తిప్పి చూసుకుంటూ. ‘అదే తీసేస్తాది, చెయ్యి.’

మా అమ్మ మొహం నేను మరిచిపోలేను. వారాల తరబడి ఏడ్చిన కూతుర్ని చూసింది, వదినను చూసింది, త్రాసును చూసింది. గోడకు తగిలించిన చేట తీసింది. లోపలికి పోయి పాపను తెచ్చి, గుడ్డలన్నీ విప్పేసి చేటలో పడుకోబెట్టింది. ‘పెట్టప్పా’ అంది మా ఆయనతో.

‘అత్తమ్మా, దిష్టి...’

‘తరుగు తగిలిన బిడ్డకు దిష్టి ఏం చేస్తాది? పెట్టు!’

మా ఆయన పాపను అమ్మ చేతికిచ్చి, మొదట వట్టి చేటను త్రాసు మీద పెట్టి, ఒక బటను నొక్కి అంకెను సున్నా చేశాడు. అత్త తొంగి చూసి, ‘ఏం చేస్తివి?’ అంది. చేట బరువు తీసేశానన్నాడు. అత్త చప్పట్లు కొట్టింది. ‘చూసినారా! మీ మిషనూ తరుగు తీస్తాది! నేను తీస్తే తప్పొచ్చిందా?’ ఆ గొడవ మధ్య పాపను చేటలో పెట్టారు. అంకెలు తిరిగాయి. నేను కళ్ళు మూసుకున్నాను, అచ్చం అత్తలాగే. ఎవరో ‘నాలుగు దాటింది!’ అని అరిచారు. కళ్ళు తెరిచేసరికి పాప కాళ్ళు ఝాడించి, చేట సందుల్లో నుంచి త్రాసు మీదికి, త్రాసు మీద నుంచి మా ఆయన కొత్త పంచె మీదికి, తన వంతు తరుగు తానే తీసేసుకుంటోంది.

నేను నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాను. బాలింత ఏడవకూడదని నలుగురు ఒకేసారి సలహా ఇచ్చారు. ఆ సాయంత్రం డబ్బా తెరిచారు కానీ అది మా నాయన కాఫీ కోసం; అప్పటి నుంచి పాలు పొంగిపోయిన రోజుల్లో పొడి కలుపుకోవడం ఆయనకు అలవాటైంది, ఇంట్లో ఆయనొక్కడే కళ్ళెదుట బరువు పెరిగాడు. ఖాళీ అయ్యాక అమ్మ దాని అడుగున మేకుతో రంధ్రాలు పొడిచి, నీళ్ళు చల్లే డబ్బా చేసి నా చేతికిచ్చింది. స్పూను మాత్రం లాక్కుంది. రెండోసారి చల్లిన సబ్బసిగాకు వైపు నన్ను పోనివ్వలేదు. అది గుబురుగా వచ్చింది. నేను తిన్నాను. ఆ ఆకు వల్ల పాలు పెరిగాయా అని మాత్రం ఎవర్నీ అడగలేదు, జవాబుగా ఇంకో ఆకు పేరు చెబుతారని.

అత్త ఏమీ తప్పు ఒప్పుకోలేదు, ఒప్పుకోదు. ఆ రోజు పాయసం రెండు గిన్నెలు తాగి, ‘సొరకాయ మంచిదే’ అని బస్సెక్కింది. ఆమె చేతిని నేను ఎంత తిట్టుకున్నా, ఒక్కటి మాత్రం అర్థమైంది. జీవితమంతా ఎదుటివాడు తెచ్చినదాంట్లో కొంత తీసెయ్యడం అలవాటైన చేతికి, నిండుగా ఉన్నది నిండుగా తెలియదు. నా చెయ్యి మాత్రం ఏం తక్కువ? నేను మండీలో కూర్చోలేదు, అయినా పాపలో కొంత, నాలో చాలా, రోజూ తరుగు తీస్తూనే ఉన్నాను.

ఇప్పుడు చిక్కబళ్ళాపురంలో మా ఇంటి మేడ మీద కుండీల్లో నేనే నాలుగు మొక్కలు పెంచుతున్నాను. మా పాప బడికి పోతుంది. పోయిన నెల అత్త వచ్చి, దాన్ని ఎత్తబోయి, ఎత్తలేక, నడుం పట్టుకుని కూర్చుండిపోయింది. ‘ఎంతుంటుంది అత్తా?’ అని అడిగాను, ఉండబట్టలేక. ‘ఉండనియ్యి అమ్మణ్ణీ. ఎంత ఉండాదో అంత ఉండాది’ అంది. మా పాప ఏమో ఆ మధ్యాహ్నమే కుండీలో చిక్కుడు గింజ వేసి, నేను బట్టలు ఆరేసి వచ్చేలోపు వేలితో తవ్వి పైకి తీసి చూస్తోంది. ఏమీ అనలేదు. ఏ మొహంతో అంటాను?

పాప నిద్రపోయాక, ఇల్లు సద్దుమణిగాక, కిటికీ పక్క మంచం మీదున్న ఆ బాలింత పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తుంది. తలకు స్కార్ఫు, చెవుల్లో దూది, చేతిలో స్పూను, ఎండలో సబ్బసిగ మడి దగ్గర గొంతుక్కూర్చుని, విత్తనాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తుంటుంది. వెళ్ళి ఆమెకు చెప్పాలనిపిస్తుంది: పాలున్నాయి, పాప తాగుతోంది, ఆ గింజను మట్టిలో పెట్టేసి పోయి కాసేపు పడుకో అని. కానీ చెప్పను. చెబితే అదీ ఒక సలహానే, ఆ ఇంట్లో అప్పటికే పెట్టడానికి చోటు లేదు. ఎప్పుడైనా అటు పోగలిగితే, ఒక బ్రెడ్డు ప్యాకెట్టు పట్టుకుపోయి, నోరు మూసుకుని పక్కన కూర్చుంటాను.